పాటలో అక్క వంతు

యుద్ధం మొదలైన మర్నాడు మా అధికారి నాకు అప్పగించిన మొదటి పని సైరన్ వెతకడం. వార్తలకు ముందు మోగించడానికి మంచి సైరన్ ఒకటి కావాలట. కంప్యూటర్‌లో దొరికినవన్నీ ఒక్కొక్కటే వినిపించాను. ఒకటి అంబులెన్సులా ఉందన్నారు, ఇంకోటి మిల్లు కూతలా ఉందన్నారు. చివరికి కడుపులో దేవినట్టుండే ఒకదాన్ని పట్టుకుంటే "ఆఁ, ఇదీ" అని కుర్చీలో వెనక్కి వాలి, పెళ్లికి బ్యాండు మేళం కుదిరినంత సంతోషపడ్డారు. గుంటూరు మిరప చేల మీదికి ఏ విమానమూ వచ్చేది లేదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా వెతికిపెట్టాను. ఆ వారంలో నేను చేసిన రోత పనుల్లో అది అన్నిటికన్నా చిన్నది.

మాది చిన్న ఎఫ్ఎం స్టేషన్. పేరు చెప్పను, చెప్పుకోదగ్గ పేరూ లేదు. అడ్డంగా కొండలు లేని మైదానం కాబట్టి ఇటు ప్రత్తిపాడు దాటి, అటు చీరాల, వేటపాలెం దాకా మా గొంతులు వినిపిస్తాయి. పొద్దున్నే భక్తి పాటలు, ఒకరోజు గుడివాళ్లవి, ఒకరోజు చర్చివాళ్లవి. తర్వాత రైతులకు తెగుళ్లూ మందులూ. మధ్యాహ్నం ఒంటిగంటకు కూలిపనులకు వెళ్లే ఆడవాళ్ల కోసం అరగంట. సాయంత్రం సినిమా పాటలు. ఆ మధ్యాహ్నపు అరగంట నాది. రోజుకూలి మీద పనిచేసే అనౌన్సర్‌ని నేను. పిలిచిన రోజు వెళ్తాను, పిలవని రోజు ఇంట్లో బట్టలుతుక్కుంటాను.

యుద్ధం వచ్చాక ఈ వరసంతా తలకిందులైంది. గంట గంటకూ వార్తలు, ముందు సైరన్, వెనక బూట్ల చప్పుడు. ఢిల్లీ నుంచి వచ్చిన వార్త రెండు వాక్యాలుంటే దానికి మావాళ్లు పది వాక్యాలు కలిపి చదివేవారు. రైతుల కార్యక్రమానికి ఒకాయన ఫోన్ చేసి, పత్తి గింజలు ఇప్పుడే తెచ్చుకోవచ్చా, వానలు చూసి తెచ్చుకోవాలా అని అడిగాడు. మా కుర్రాడు ఆ మాట పక్కనపెట్టి, ముందు మన సైనికులకు మీరిచ్చే సందేశం ఏమిటన్నాడు. ఆయన కాసేపు ఆలోచించి, బాగా కొట్టండి అన్నాడు. మళ్లీ వెంటనే, గింజల సంగతి చెప్పండి బాబూ అన్నాడు. అప్పటికి లైను కట్ చేశారు. ఆ 'బాగా కొట్టండి' అన్న ముక్కను మాత్రం సాయంత్రం దాకా నాలుగుసార్లు వేశారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఒళ్లు మండినా నోరు మెదపలేదు, ఎందుకంటే మర్నాడు పిలవకపోతే ఎలా అన్న భయం ఒకటి ఎప్పుడూ ఉండేది.

యుద్ధానికి ముందు సంగతి ఒకటి చెప్పాలి. అది చెప్పకపోతే మిగతాదంతా అర్థం కాదు.

ప్రత్తిపాడు పక్కన మిరపకాయల తొడిమలు తీసే షెడ్డు ఒకటుంది. కోల్డ్ స్టోరేజీ నుంచి బస్తాలు దించి, రాశులు పోస్తే, చుట్టూ నలభై యాభైమంది ఆడవాళ్లు కూర్చుని ఒక్కో కాయ తొడిమ విరిచి, రంగు వెలిసిన తాలుకాయను పక్కకు వేస్తూ ఉంటారు. చీర మీద మగవాళ్ల పాత చొక్కా, ముక్కుకూ మూతికీ తువ్వాలు. ఆ ఘాటుకు కొత్తవాళ్లు లోపలికి అడుగుపెడితే పావుగంట తుమ్ములే. చేతులు మండిపోతుంటాయి కాబట్టి సెల్‌ఫోన్ ముట్టుకోరు. ముట్టుకుని చెవి దగ్గర పెట్టుకుంటే ఇక ఆ చెవి పని అంతే. అందుకని ఆ షెడ్డులో ఇప్పటికీ రేడియో బతికుంది. కాటా వేసే మనిషి పొద్దున్నే దాన్ని పెట్టేస్తాడు, సాయంత్రం ఆయనే తీసేస్తాడు. మధ్యలో ఏం వచ్చినా అందరూ వినాల్సిందే.

నా కార్యక్రమానికి పాటలు రికార్డు చేసుకురావడానికి అక్కడికి వెళ్లాను. చర్చిలో పాటలు ఎత్తుకునే మనిషి ఒకామె ఉంది, ఆమె చేత పాడించుకోండి అని అందరూ ఒకామెను ముందుకు తోశారు. యాభై దాటిన మనిషి. బొంగురు గొంతు, కానీ ఎక్కడా తొణకదు. చర్చి పాట వద్దు, చేలో పాట పాడతానని ఆమే అంది.

మిరపకాయలు కోసేటప్పుడు పాడే పాట అది. పక్కపక్క సాళ్లలో ఇద్దరు కోస్తూ వెళ్తారు. ఒకరు అడుగుతూ పాడితే రెండో సాలులోని మనిషి జవాబు అందుకోవాలి. అందుకోకపోతే ముందుకు వెళ్లకూడదు, ఆగాలి. ఆమె చిన్నప్పటి నుంచి వాళ్ల అక్కతో కలిసి పాడిన పాట. నాకు పాడి వినిపించింది ఆమె వంతు మాత్రమే.

పొద్దు నడినెత్తి కొచ్చింది అక్కా, నీ సాలెంత మిగిలింది?

అని పాడి ఆగింది. అయిపోయిందనుకుని నేను మిషను ఆపబోతే కళ్లతోనే వద్దంది. పెదాలు కదులుతున్నాయి, శబ్దం లేదు. తల కొంచెం ఎడమవైపుకు వంచి, అటు నుంచి ఎవరో పాడుతుంటే వింటున్నట్టు ఉంది. సరిగ్గా ఒక చరణం పట్టేంత సేపు. తర్వాత రెండోది ఎత్తుకుంది.

కుండలో నీళ్లు అడుగంటినయ్ అక్కా, నీకో గుక్క ఉంచనా?

మళ్లీ ఆగింది. చుట్టూ ఉన్నవాళ్లెవరూ అందుకోలేదు. ఆ ఖాళీలో తొడిమలు విరుగుతున్న చప్పుడు, ఎవరిదో దగ్గు, పైన ఫ్యాను కిర్రుమనడం.

సద్ది మూట విప్పుతున్నారు అక్కా, నిన్నొదిలి నేను తిననా?

పాటయ్యాక ఆమె సంగతి చెప్పింది. వాళ్లక్క వేటపాలెంలో జీడిపప్పు షెడ్డులో పనిచేస్తుంది. ఆరేళ్లుగా మాటల్లేవు. వాళ్లమ్మ పోయింది ఇలాంటి ఎండాకాలంలోనే. పెట్టె తెచ్చారు, పాస్టరుగారు వచ్చేశారు, ఇంక ఉంచితే బాగుండదని పెద్దవాళ్లు తొందరపెట్టారు. అక్క చీరాలలో బస్సు ఎక్కానని ఫోన్ చేసింది. చెల్లెలు సరే పూడ్చేద్దామంది. అక్క వచ్చేసరికి మట్టి కప్పి, పూలు పరిచేసి ఉంది. ఒక్క గంట ఆగలేకపోయావా అని ఒకే మాట అడిగి, మంచినీళ్లు కూడా ముట్టకుండా వచ్చిన బస్సుకే వెళ్లిపోయింది. ఆ తర్వాత ఫోన్ ఎత్తదు, మనుషులను పంపినా మాట్లాడదు. అయితే ఆ జీడిపప్పు షెడ్డులో కూడా చేతులకు జీడి జిగురు అంటుకుని ఫోన్లు ముట్టుకోరు, అక్కడా మధ్యాహ్నం మా రేడియోనే మోగుతుంది.

"దాని గొంతు నేను వినక్కర్లేదు మేడం. నా గొంతు దానికి వినపడాలి. జాగా ఉంటే అది అందుకోకుండా ఉండలేదు. ఆ జాగాలు మాత్రం తీసెయ్యొద్దు" అంది.

తీయనన్నాను. వచ్చే గురువారం ఒంటిగంటకు వేస్తామని చెప్పాను. వేటపాలెంలో ఉన్న బంధువు ఒకరికి ఆమె కబురు పెట్టింది, ఆ రోజు అక్క పనికి వెళ్లేలా చూడమని.

ఆ గురువారం రాకముందే యుద్ధం వచ్చింది.

మొదటి రోజు సైరన్ వేసినప్పుడు ఆ మిరప షెడ్డులో ఏం జరిగిందో కాటా వేసే ఆయన నాకు ఫోన్ చేసి నవ్వుతూ చెప్పాడు. సైరన్ వినపడగానే నలభైమంది లేచి, పరుగెత్తి, పట్టాలు తెచ్చి బయట ఆరబోసిన మిరప రాశుల మీద కప్పేశారట. వాన వస్తే చేసే పని అది. ఆపద అనగానే వాళ్లకు తెలిసింది అదొక్కటే. కాయలన్నీ కప్పాక తాము మాత్రం అక్కడే ఎర్రటి ఎండలో నిలబడ్డారట, ఇంకేం చేయాలో తెలియక. మావాళ్లు ఈ సంగతి విని కడుపుబ్బ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. సైరన్ నేను వెతికిపెట్టింది. రెండు రోజులకు పై నుంచి ఎవరో సైరన్లు వేయొద్దని చెప్పాక దాన్ని తీసేశారు, అదీ అయిష్టంగానే.

అయితే మా రేడియో వినేవాళ్లు మాత్రం పాపం అమాయకులని నేననను. రెండో రోజుకే వాళ్లు రుచి మరిగారు. మధ్యాహ్నం పాట వేస్తే ఫోన్లు, వార్తలు పెట్టండి, ఎంతమంది పోయారో చెప్పండి అని. అవతల పోయినవాళ్ల లెక్క చెబుతుంటే కేకలు వినిపించేవి ఫోన్లో. క్రికెట్ స్కోరు అడిగినట్టు అడిగేవారు. చర్చికి వెళ్లేవాళ్లూ, గుడికి వెళ్లేవాళ్లూ, బడిలో పిల్లలకు పాఠం చెప్పేవాళ్లూ, అందరూ. మనుషుల మీద అంత అసహ్యం నాకు అంతకుముందు ఎప్పుడూ కలగలేదు. ఆ ఫోన్లన్నిటికీ తియ్యటి గొంతుతో 'చాలా సంతోషమండీ' అని చెప్పింది నేనే, కాబట్టి ఆ అసహ్యంలో నా వాటా నాకుంది.

బుధవారం సాయంత్రం మా అధికారి మర్నాటి కార్యక్రమం విన్నారు. మొదటి చరణం అయ్యాక ఖాళీ వచ్చింది. ఏమిటమ్మా ఆగిపోయింది అన్నారు. అది జవాబు కోసం వదిలిన జాగా అని చెప్పాను. రేడియోలో అంతసేపు ఏమీ వినపడకపోతే స్టేషన్ పడిపోయిందనుకుంటారు, అందులోనూ ఈ రోజుల్లో అన్నారు. అక్కాచెల్లెళ్ల సంగతంతా చెప్పాను. విన్నారు. మంచి మనిషే, కళ్లు కూడా చెమ్మగిల్లాయి. చెమ్మగిల్లిన కళ్లతోనే ఆయనకు ఆలోచన వచ్చింది.

ఇది ఎండలో పనిచేసే ఆడది పాడిన పాట, సరిహద్దులో ఎండలో ఉన్నవాడికి అంకితం ఇద్దాం అన్నారు. ఆ ఖాళీల్లో ఒకదాంట్లో బూరా, ఒకదాంట్లో తుపాకులు, చివరిదాంట్లో మన కుర్రాడి చేత జై కొట్టిద్దాం. నిన్నొదిలి నేను తిననా అని ఆమె అడుగుతుంది చూడు, అక్కడ జై పడితే అదిరిపోతుంది. లేదంటే ఈ వారం ఈ పాటకు చోటు లేదు, తర్వాత చూద్దాం అన్నారు.

తర్వాత చూద్దాం అన్నవి ఏవీ ఆయన తర్వాత చూడరు. అది నాకు తెలుసు. ఆమెకు ఫోన్ చేసి అడగొచ్చు. ఆమె వద్దంటుందని కూడా తెలుసు. అందుకే చేయలేదు. ఎలాగోలా పాట వస్తే చాలు, గొంతు గుర్తుపడుతుంది కదా అని నాకు నేనే చెప్పుకుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాను. తొడిమల చప్పుడు చెరిపేశాను. దగ్గు చెరిపేశాను. సరిగ్గా ఆమె పెదాలు కదిపినంత సేపట్లో బూరా పట్టింది, తుపాకులు పట్టాయి. అచ్చంగా కొలిచి వదిలినట్టున్నాయి ఆ ఖాళీలు. నా పనితనానికి నాకే ముచ్చటేసింది. ఆ ముచ్చట తలచుకుంటే ఇప్పటికీ కంపరం పుడుతుంది.

గురువారం ఒంటిగంటకు వేశాం. ఫోన్లే ఫోన్లు. మళ్లీ వేయమని, ఆ అమ్మ ఎవరో చెప్పమని, సన్మానం చేస్తామని. మా అధికారి అందరికీ సమోసాలు తెప్పించారు. నేనూ రెండు తిన్నాను. ఆ శనివారానికి కాల్పులు ఆగిపోయాయి. జనం ఫోన్లు చేయడం మానేశారు, ఆట మధ్యలో వాన పడ్డట్టు చిరాకుపడ్డారు కొందరు.

సోమవారం ప్రత్తిపాడు వెళ్లాను. పిలవలేదు, వెళ్లకుండా ఉండలేక వెళ్లాను. షెడ్డులో మిగతావాళ్లు నన్ను చూసి సంబరపడ్డారు. ఆమె మాత్రం రాశి దగ్గర నుంచి లేవలేదు. పక్కన కూర్చుని నా అంతట నేనే చెప్పేశాను, ఎవరు చేయమన్నారో, ఎవరు చేశారో. తిట్టమని కూడా అడిగాను. ఆమె తిట్టలేదు. అక్క వైపు నుంచి కబురేమీ రాలేదని, బంధువు ఊళ్లో లేడని, నన్ను వేటపాలెం వెళ్లి రమ్మని అడిగింది. పాట విన్నదో లేదో కనుక్కుంటే చాలంది.

మర్నాడే వెళ్లాను. చీరాల దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. పెద్ద రేకుల షెడ్డు, లోపల కాల్చిన జీడిపిక్కల పొగ వాసన. అక్కను అడగకుండానే గుర్తుపట్టాను, అదే ముఖం, ఇంకాస్త ఎండింది. చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. పిక్క పెట్టి కొడుతోంది. నేనెవరో చెప్పాను. రేడియో మనిషినని చెప్పగానే పక్కనున్నవాళ్లు పాట భలే ఉందని మొదలుపెట్టారు. ఆమె వాళ్లను ఊరుకోమని, నన్ను బయటికి తీసుకొచ్చింది.

"దాని గొంతు గుర్తుపట్టా. చేతిలో పిక్క కింద పెట్టేశా. నీ సాలెంత మిగిలింది అనింది. నేను నోరు తెరిచా. ఇంతలో బూరాలు మోగినయ్. తర్వాత తుపాకులు పేలినయ్. సద్ది మూట కాడ ఎవరో మగాడు అరిచాడు. షెడ్డంతా చప్పట్లు కొట్టారు. మా చుట్టం ముందే చెప్పాడేమో, మీ చెల్లెలంట గదా అని అందరూ నా వంకే చూస్తుంటే ఏం చెయ్యను? నేనూ కొట్టానమ్మా."

ఆ మాట చెప్పి, నల్లటి చేతులు రెండూ ఒకసారి చూసుకుంది.

అది మీ చెల్లెలి పని కాదని, పూర్తిగా నా పనేనని, ఆమె జాగాలు ఉంచమని ప్రాధేయపడిందని చెప్పాను. ఫోన్ తీసి అసలు పాట వినిపిస్తానన్నాను.

"నువ్వెవరో నాకేం తెలుసు తల్లీ. నాకు వినపడింది దాని గొంతు. అప్పుడూ ఆగలేదు అది. ఇప్పుడూ ఆగలేదు" అంది.

అయినా నేను వదల్లేదు. జీడి చేతులతో ఆమె ముట్టుకోలేదు కాబట్టి ఫోన్ నేనే ఆమె చెవి దగ్గర పట్టుకుని పెట్టాను. మొదటి చరణం వచ్చింది. ఖాళీ వచ్చింది. తొడిమలు విరుగుతున్న చప్పుడు నాకూ వినిపిస్తోంది. ఆమె పెదాలు బిగించి, ఎదురుగా ఉన్న గోడ వంక చూస్తూ నిలబడింది. నీళ్ల చరణం వచ్చింది. మళ్లీ ఖాళీ. లోపల నుంచి మేస్త్రీ ఎవరో కేకేశాడు. మూడో చరణం మొదలుకాకముందే, పనుందమ్మా అని లోపలికి వెళ్లిపోయింది. నేను పాట చివరిదాకా అలాగే ఫోన్ పట్టుకుని నిలబడ్డాను, చెవి లేని చోట.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ప్రత్తిపాడులో ఏం చెప్పాలా అని దారంతా ఆలోచించాను. చప్పట్లు కొట్టిందని చెప్పడమా? ఆ మాట నా నోటితో అనలేననిపించింది. నిజం చెప్పి ఆమెను ఏడిపించే హక్కు నాకు లేదని కూడా నాకు నేను సర్దిచెప్పుకున్నాను. రేడియోలో పనిచేసేవాళ్లకు ఇలాంటి మాటలు నాలుక చివరే ఉంటాయి.

షెడ్డుకు చేరేసరికి సాయంత్రం నాలుగైంది. ఆమె నన్ను చూసి ఈసారి లేచి వచ్చింది. మండే చేతులు ఒంటికి తగలకుండా దూరంగా పట్టుకుని నిలబడింది.

"విన్నదా మేడం?"

విన్నదన్నాను.

"అందుకుందా?"

"అందుకుంది" అన్నాను.

ఆ ముఖం వెలగడం నేను చూశాను. ఆరేళ్ల బరువు దించుకున్న మనిషిలా ఊపిరి వదిలింది. వెనక ఇద్దరు ముగ్గురు పనాపి చూస్తున్నారు. నాలో నేను, పోనీలే, మంచిపనే చేశాను అనుకున్నాను.

"నీళ్లకాడ ఏమనింది? రెండు రకాలుగా అంటది అది. మనసు బాగుంటే ఒకటి, కోపమొస్తే ఒకటి. ఏదనింది?"

ఆ జవాబులేవో నాకు తెలియవు. ఆమె తన వంతు మాత్రమే పాడింది, రెండో వంతు ఏమిటని నేను ఏనాడూ అడగలేదు. అన్ని గంటలు ఆ ఖాళీల్లో ఏం నింపాలా అని చూశానే గానీ, అక్కడ ఉండాల్సిన మాట ఏమిటని నాకు తట్టనే లేదు.

నేను నోరు తెరిచి నిలబడ్డాను. ఆమె నా పెదాల వంక చూస్తూ ఆగింది. ఒక చరణం పట్టేంత సేపు ఆగింది. తర్వాత వెళ్లి రాశి దగ్గర కూర్చుని, కాయ ఒకటి తీసుకుని తొడిమ విరిచింది.